సెంటర్లో మూడు టవర్లు వస్తున్నాయట, ఉత్తి "వద్దు" కాకుండా ఏం అడగాలి?

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే ఫస్ట్ టైమ్, పెద్దదైపోతే ఏమనుకోకండి.

మాది సిటీ అంచున ఉన్న టౌన్, సిటీ అందామంటే కాదు, పల్లె అందామంటే కాదు, ఆ మధ్య రకం. మొన్నమొన్నటి దాకా సెంటర్లో అన్నిటికన్నా ఎత్తు వాటర్ ట్యాంకే. ఎవరికి అడ్రస్ చెప్పినా ట్యాంక్ కనపడేదాకా వచ్చెయ్యండి, అక్కణ్ణించి ఫోన్ చెయ్యండి అనేవాళ్ళం. మిగతావన్నీ మూడు నాలుగంతస్తులు, కింద షట్టర్లు పైన కాపురాలు. ట్రైన్ లైన్ మా దాకా వచ్చింది, దాని వెనకే క్రేన్లొచ్చాయి. 21 అంతస్తులది ఒకటి ఆల్రెడీ లేచింది. ఇప్పుడు స్టేషన్ ఎదురు స్థలంలో ఒకేసారి మూడు టవర్లకి అప్లై చేశారు, 34, 28, 19 అంతస్తులు. అభ్యంతరాలుంటే చెప్పండని గోడకి నోటీసు అంటించారు, మూడు వారాల్లో మీటింగ్.

నిజం చెప్పాలంటే నాకు టవర్లంటే కోపం లేదు. రాత్రి క్రేన్ మీద ఆ ఎర్రలైటు వెలిగి ఆరుతుంటే మా చిన్నోడు దాన్ని లెక్కపెడుతూ నిద్రపోతాడు. కానీ ఆ 21 అంతస్తులది వచ్చాక రెండు మారాయి. ఒకటి, మధ్యాహ్నం సరిగ్గా మూడూ పదికి దాని నీడ మా డాబా మీదకొస్తుంది, మూడూ యాభైకి పోతుంది. చలికాలంలో మా అత్తగారు అది చూసే టైమ్ చెప్పేస్తున్నారు. రెండోది గాలి. ఆ బిల్డింగ్ మూల తిరగ్గానే ఎవరో తోసినట్టుంటుంది, పోయిన వారం ఒక పెద్దావిడ గొడుగు తిరగబడి ఆవిడే రెండడుగులు వెనక్కెళ్ళిపోయింది. ఇరవై అడుగులు అవతలికెళ్తే ఆకు కూడా కదలట్లేదు.

ఇంట్లో అడిగితే మా మామగారు "డెవలప్‌మెంట్ వద్దంటారా ఎవరైనా" అంటారు, మా ఆయన "నువ్వెళ్ళి చెప్తే ఆపుతారా" అంటారు. ఆపమని కాదు నా ఉద్దేశం. మీటింగ్‌కి వెళ్ళి లేచి నిలబడితే, పాతకాలం మనిషి గొడవ అనుకోకుండా, వాళ్ళు జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్నలు ఏమడగాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

---

గొణుగుడు రాసింది:

మీటింగ్ అంతా ఫార్మాలిటీ బ్రో. సంతకాలు ఎప్పుడో అయిపోయుంటాయి. కుర్చీలు వేస్తారు, మైకు పనిచెయ్యదు, ఇంటికొచ్చేస్తారు.

---

తూకంతాడు రాసింది:

పైనాయన మాటలు పక్కన పెట్టండి, ఈయన ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే రాస్తాడు.

నేను ప్లాన్‌లు చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నా, ఇప్పుడు లేను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. మొదట ఒక అపోహ తీసేద్దాం. ఎత్తు పెరిగితే జనం పెరుగుతారు అనుకుంటారు అందరూ, అవసరం లేదు. ఎఫ్ఎస్ఐ అని ఒకటుంటుంది, స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చు అనే లెక్క. 4000 చదరపు మీటర్ల స్థలం, ఎఫ్ఎస్ఐ 3 అనుకోండి, మొత్తం 12,000 కట్టొచ్చు. సగం స్థలంలో కడితే ఒక్కో ఫ్లోర్ 2000, అంటే ఆరంతస్తులతో అయిపోతుంది. అదే 600 లోనే కడితే 20 అంతస్తులు లేస్తుంది. జనం అంతే, ఇళ్ళూ అన్నే. తేడా ఎక్కడంటే రెండో దాంట్లో 3400 చదరపు మీటర్లు నేల మీద మిగులుతుంది. ఆ మిగిలింది ఏమవుతుంది అన్నదే అసలు ప్రశ్న. అది అందరూ నడిచే చోటవుతుందా, లేక గోడ కట్టి గేటు పెట్టి కార్లు తిరిగే ర్యాంప్ అవుతుందా. చాలా చోట్ల రెండోదే అవుతుంది, బ్రోచర్లో మాత్రం చెట్లుంటాయి. బార్సిలోనాలో ఎషాంప్లా అనే ఏరియా చూడండి, ఆరేడు అంతస్తులు మించి పెద్దగా ఉండదు, అయినా యూరప్‌లో బాగా ఒత్తుగా జనం ఉండే చోట్లలో అదొకటి. అంటే ఎత్తు తప్పనిసరేం కాదు, ఎత్తు ఒక ఛాయిస్. ఎందుకు ఎంచుకున్నారు అని అడగొచ్చు, అడగాలి.

ఇక నీడ. మీ అత్తగారి గడియారం కరెక్టే. సన్నటి టవర్ నీడ పొడుగ్గా ఉంటుంది కానీ తొందరగా జరిగిపోతుంది. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు కదా, 25 మీటర్ల వెడల్పున్న టవర్ మీకు 200 మీటర్ల దూరంలో ఉంటే దాని నీడ మీ మీద సుమారు అరగంట ఉంటుంది. అదే బిల్డింగ్ 100 మీటర్ల వెడల్పు గోడలా ఉంటే దాదాపు రెండు గంటలు. కాబట్టి ఎత్తు ఎంత అని కాదు, అడ్డంగా ఎంత అని అడగండి, ఫ్లోర్ ప్లేట్ (ఒక్కో అంతస్తు వైశాల్యం) ఎంత అంటే వాళ్ళకి అర్థమవుతుంది. పొడుగు లెక్క కూడా తేలికే. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే 100 మీటర్ల టవర్ నీడ 100 మీటర్లు, 30 డిగ్రీలకి దిగితే 173, 20 కి దిగితే 275. చలికాలం సాయంత్రం ఎంత దూరం పోతుందో మీరే చూస్కోండి. జపాన్‌లో ఇలా ఎండ కోసం జనం కోర్టుల దాకా పోయి పోయి, చివరికి 1976 లో బిల్డింగ్ చట్టంలోనే నీడ రూల్ పెట్టించుకున్నారు, సంవత్సరంలో అన్నిటికన్నా చిన్న పగలు ఉండే రోజున పక్కవాళ్ళ స్థలం మీద ఇన్ని గంటలకి మించి నీడ పడకూడదు అని. మీ దగ్గర అలాంటి రూల్ లేకపోయినా నీడ డ్రాయింగ్ అడగొచ్చు. అడిగితే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం 12 గంటలది చూపిస్తారు, అందులో నీడ బిల్డింగ్ కాళ్ళ దగ్గరే ఉంటుంది. డిసెంబర్ మూడు గంటలది కావాలి అనండి.

గాలి గురించి ఇంకో పోస్ట్‌లో రాస్తా, ఇప్పుడు పనుంది.

---

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

చాలా థాంక్స్ అండి, ఆ ఆరు ఇరవై లెక్క మా ఆయనకి కూడా చూపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. గొణుగుడు గారూ, బ్రో కాదండి సిస్టర్.

---

ఇరవైమూడోఫ్లోర్ రాసింది:

నేను అవతలి పార్టీ. 23 వ అంతస్తులో ఉంటున్నాం, నాలుగేళ్ళయింది. అందరూ టవర్లని కింద నించి చూసి మాట్లాడతారు, కాస్త పైనించి కూడా వినండి.

ముందు ఉన్న ఇంట్లో కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళ కిటికీ. ఇప్పుడు వాన ఎక్కడ పడుతోందో, ఎటు కదులుతోందో కనపడుతుంది, పావుగంట ముందే చెప్పగలను మన దాకా వస్తుందో రాదో. దోమలు తక్కువ. స్టేషన్‌కి నడిచి ఐదు నిమిషాలు, కారు అమ్మేశాం. ఇదే జనాన్ని ఊరి బయట విల్లాల్లో పరిస్తే ఎన్ని పొలాలు పోతాయో ఎన్ని కార్లు రోడ్డెక్కుతాయో అది కూడా లెక్కెయ్యండి తూకంతాడు గారూ.

ఇబ్బందులు లేవనను. మొదట్లో నాకు అర్థం కాలేదు ఏదో తేడాగా ఉందేంటా అని. కింద మా పిల్ల ఆడుకుంటుంటే మొహం కనపడదు, చొక్కా రంగు మాత్రమే. పిలిస్తే వినపడదు. నాలుగో ఐదో అంతస్తు దాకా అయితే బాల్కనీ లోంచి కేకేసి రమ్మనొచ్చు, ఆ పైన ఫోనే. అందుకని దానికి ముదురు పసుపు చొక్కాలే కొంటున్నా, నవ్వకండి. ఇంకోటి, గాలి గట్టిగా ఉన్న రోజు లిఫ్ట్ గుంటలోంచి ఈల వేసినట్టు శబ్దం వస్తుంది, మెయిన్ డోర్ తియ్యాలంటే భుజం పెట్టాలి. నీళ్ళ సంగతి కొనేముందు అడగలేదు, అడగాల్సింది. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషర్, అంటే 100 మీటర్ల పైన ట్యాంక్ పెట్టి నేరుగా కిందకి వదిలితే కింది ఫ్లోర్ కుళాయికి పది బార్, వాషర్లు ఎగిరిపోతాయి. అందుకే మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు, కొన్నేసి ఫ్లోర్లకి విడివిడిగా జోన్లు ఉండాలి. మా దాంట్లో ఒక వాల్వ్ పాడై మూడో ఫ్లోర్ వాళ్ళకి గీజర్ పైపు ఊడొచ్చింది, నాలుగు రోజులు గొడవ.

మెట్లు ఎన్ని అని అడగండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. 2017 లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలింది, 24 అంతస్తులు, దిగడానికి ఒక్కటే మెట్లదారి, 72 మంది పోయారు. బయట గోడకి అంటించిన ప్యానెళ్ళే మంటని పైకి మోశాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 18 మీటర్లు దాటి కొత్తగా కట్టే ఇళ్ళకి రెండో మెట్లదారి ఉండాలని పెట్టారు, 2026 సెప్టెంబర్ 30 నించి. ఫైర్ ఇంజన్ నిచ్చెన మామూలుగా 30 మీటర్ల దగ్గర్లో ఆగిపోతుంది, ఆ పైనున్నవాళ్ళకి మెట్లే దిక్కు. మీ ఊళ్ళో ఉన్న బండి నిచ్చెన ఎంత అన్నది కూడా అడగొచ్చు, అది బిల్డర్ని కాదు, మీటింగ్‌లో కూర్చునే ఆఫీసర్లని.

---

గొణుగుడు రాసింది:

సారీ సిస్టర్. పసుపు చొక్కా పాయింట్ బాగుంది.

---

తూకంతాడు రాసింది:

ఇరవైమూడు గారూ, పొలాల పాయింట్ ఒప్పుకుంటున్నా. స్టేషన్ పక్కన ఒత్తుగా కట్టాలి, అందులో నాకేం తేడా లేదు. ఎలా కడతారు అన్నదే పేచీ.

గాలి సంగతి. పైకి పోయేకొద్దీ గాలి స్పీడ్ ఎక్కువ. మూడంతస్తుల ఊళ్ళో అది ఇళ్ళ పైనించి పోతుంది, మనకి తెలీదు. మధ్యలో 100 మీటర్ల గోడ నిలబెడితే ఆ పై గాలి దానికి కొట్టుకుని, పోవడానికి దారి లేక ముందువైపు గోడ వెంబడి కిందకి జారుతుంది, నేలకి తగిలి మూలల్లోంచి దూసుకుపోతుంది. మీ పెద్దావిడ గొడుగు తిరగబడింది ఆ మూలలోనే. రెండు టవర్ల మధ్య సన్నటి సందుంటే అది ఇంకా ఘోరం, గరాటులోంచి పోసినట్టే. ఇది ఉత్త చిరాకు వ్యవహారం కూడా కాదు, ఇంగ్లండ్‌లో లీడ్స్ అనే ఊళ్ళో బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ అని 112 మీటర్ల టవర్ 2007 లో కట్టారు, 2011 లో దాని కింద గాలికి లారీ ఒరిగిపోయి నడుస్తున్న మనిషి చనిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి రోడ్డు మీద గాలిని విరగ్గొట్టే పెద్ద పెద్ద పలకలు బిగించారు. కట్టక ముందు డ్రాయింగ్ మీద సరిచెయ్యాల్సింది కట్టాక ఇనుముతో సరిచేశారు.

మందు కొత్తదేం కాదు. కింద మూడు నాలుగంతస్తుల వెడల్పాటి పోడియం, అంటే అరుగు లాంటి బిల్డింగ్, కట్టి, టవర్‌ని దాని అంచు నించి వెనక్కి జరిపి లేపితే, పైనించి జారిన గాలి పోడియం కప్పు మీద ఆగుతుంది, రోడ్డు దాకా రాదు. ఇంకో లాభం, రోడ్డు మీద నడిచేవాడికి ఎదురుగా నాలుగంతస్తులే కనపడతాయి, పైన ముప్ఫై ఉన్నా మెడ ఎత్తితేనే. కెనడాలో వాంకూవర్‌లో ఇదే పద్ధతి మీద డౌన్‌టౌన్‌లో చాలా భాగం కట్టారు, కింద పోడియం, పైన సన్నటి టవర్, టవర్‌కి టవర్‌కి మధ్య 80 అడుగులు. పైగా కొండలు కనపడే దారులకి అడ్డం రాకుండా 1989 లో కొన్ని చూపుగీతలు గీసిపెట్టారు, ఆ గీతలోకి ఎవరూ కట్టకూడదు. మీ వాటర్ ట్యాంక్‌కి అలాంటి గీత ఎవరైనా గీస్తే నేను చప్పట్లు కొడతా, గియ్యరనుకోండి.

న్యూయార్క్‌లో అయితే 1915 లో ఈక్విటబుల్ బిల్డింగ్ అని ఒకటి స్థలం అంచుల దాకా నిట్టనిలువుగా లేపేశారు, చుట్టుపక్కల వీధులన్నీ చీకటి. మరుసటి ఏడాదే, 1916 లో, పైకి పోయేకొద్దీ బిల్డింగ్ వెనక్కి జరగాలని రూల్ వచ్చింది. పాత ఫోటోల్లో ఆ మెట్లు మెట్లుగా ఉండే బిల్డింగ్‌లు చూసుంటారు, అది ఆర్కిటెక్ట్ సరదా కాదు, వీధిలోకి వెలుతురు దిగడానికి.

ఇప్పుడు అసలు మాట, దీన్నొక్కదాన్ని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. గాలి రిపోర్ట్, నీడ రిపోర్ట్, ట్రాఫిక్ రిపోర్ట్, ఇవన్నీ ఒక్కో టవర్‌కి విడివిడిగా చేయించి పెడతారు. ఒక్కొక్కటీ పాసవుతుంది. కానీ ఊరికి వచ్చేది మూడూ కలిపి, ఆల్రెడీ ఉన్న 21 అంతస్తులదాన్ని కూడా కలిపితే నాలుగు. మూడూ లేచి నిలబడ్డాక నాలుగింటి మధ్య గాలి ఎలా ఉంటుంది, ఒకదాని నీడ పోగానే రెండోదాని నీడ వస్తుందా, అన్నీ కలిపి చూపించమనండి. సిటీ ఆఫ్ లండన్ వాళ్ళు 2019 లో గాలి మీద గైడ్‌లైన్స్ పెట్టారు, అందులో చుట్టుపక్కల రాబోయే బిల్డింగులని కూడా కలిపే పరీక్ష చెయ్యాలంటారు. అంటే నేను చెప్పేది గొంతెమ్మ కోరికేం కాదు.

---

పదమూడుమంది రాసింది:

లిఫ్ట్‌ల మెయింటెనెన్స్ పని నాది. ఎవరూ లిఫ్ట్ గురించి అడగరు, తర్వాత నన్ను తిడతారు.

34 అంతస్తులు, ఫ్లోర్‌కి 8 ఫ్లాట్లు అనుకుంటే 272 ఫ్లాట్లు, ఇంటికి ముగ్గురేసి 800 మంది. పొద్దున రద్దీలో ఐదు నిమిషాల్లో ఎంతమందిని మొయ్యాలి అన్నది మా లెక్క, ఇళ్ళకయితే మొత్తం జనంలో ఆరు శాతం దగ్గర్లో పట్టుకుంటాం, అంటే 48 మంది. లిఫ్ట్ స్పీడ్ సెకనుకి 2.5 మీటర్లు. 100 మీటర్లు ఎక్కి దిగడానికి 80 సెకన్లు. దిగేటప్పుడు ఎనిమిది చోట్ల ఆగిందనుకోండి, తలుపు తెరిచి ఎక్కించుకుని మూసేసరికి పది సెకన్లు, అక్కడొక 80. కింద ఖాళీ అవడానికి 20. మొత్తం మూడు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఒకటిన్నర ట్రిప్పు పైచిలుకు, ట్రిప్పుకి ఎనిమిది మంది చొప్పున పదమూడు మంది. డబ్బా లోపల 13 మంది అని రాసుంటుంది కదా, అది వేరే పదమూడు, స్కూల్ బ్యాగులతో పొద్దున పూట అంతమంది ఎప్పుడూ పట్టరు. మూడు లిఫ్ట్‌లు పెడితే 40 మంది. కావాల్సింది 48. ఇది మూడూ పనిచేస్తున్నప్పుడు సంగతి, నేను ఒకటి ఆపి రోప్ చెక్ చేస్తున్నానంటే 26 కి పడిపోతుంది, ఆ రోజు నా మొహం ఎవరికీ చూపించను.

బిల్డర్ లిఫ్ట్ ఎందుకు తగ్గిస్తాడంటే గుంట ప్రతి ఫ్లోర్లోనూ స్థలం తింటుంది, 34 ఫ్లోర్ల స్థలం, అదంతా అమ్ముకోవచ్చు కదా. కాబట్టి ట్రాఫిక్ అంటే రోడ్డు మీదదే కాదు అక్కా, లిఫ్ట్ ట్రాఫిక్ లెక్క కూడా ఉంటుంది, కాగితం అడగండి.

---

ఖాళీఫ్లోర్లు రాసింది:

అందరూ ఎత్తు, గాలి అంటున్నారు, నేను ఒక్క మాట చెప్పి పోతా. శివారు టౌన్ సెంటర్‌ని టవర్లతో నింపడం అనే ప్రయోగం ఎప్పుడో చేసి చూసిన ఊరు ఒకటుంది, లండన్‌కి దక్షిణాన క్రాయ్డన్. 1956 లో వాళ్ళ కార్పొరేషన్ ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చుకుని సెంటర్‌ని తిరగకట్టడం మొదలెట్టింది, 60 ల్లో వరసపెట్టి ఆఫీస్ టవర్లు లేపారు. పగలు కిటకిట, సాయంత్రం ఆరు దాటితే మనిషి ఉండడు. తర్వాత కంపెనీలు వెళ్ళిపోయే కాలం వచ్చేసరికి ఒకేరకం బిల్డింగులు కాబట్టి ఒకేసారి ఖాళీ అయ్యాయి. 2013 లో ఆఫీసుని ఫ్లాట్లుగా మార్చడానికి పూర్తి పర్మిషన్ అక్కర్లేదని దేశమంతా రూల్ సడలించారు, అక్కడ బోలెడు ఆఫీసులు ఇళ్ళయిపోయాయి. ఆఫీస్ కోసం కట్టిన లోతైన ఫ్లోర్లో ఫ్లాట్ కోస్తే మధ్యలో గదులకి వెలుతురెక్కణ్ణించి వస్తుంది చెప్పండి. ఇప్పుడు అక్కడ నలభై పైన అంతస్తుల ఇళ్ళ టవర్లు కూడా వచ్చాయి.

దానికి ఎదురు ఉదాహరణ అమెరికాలో వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్. 1979 లో మెట్రో బాలస్టన్ దాకా వచ్చింది. వాళ్ళు ముందే గీసిపెట్టుకున్నారు, స్టేషన్ చుట్టూ ఎత్తు, దూరం పోయేకొద్దీ మెట్టు మెట్టుగా దిగుతూ కొన్ని వీధులవతల పాత ఇళ్ళ దగ్గర నేలకి తగలాలి అని. ఆఫీసు, ఇల్లు, షాపు కలిపి. మరీ స్వర్గం అని కాదు, కానీ పాత వీధుల్లోకి టవర్ రాదని అక్కడివాళ్ళకి తెలుసు. మీ దగ్గర అడగాల్సింది అదే, ఈ మూడింటి తర్వాత నాలుగోది ఎక్కడ? గీత ఎక్కడ ఆగుతుంది? గీతే లేకపోతే మీ వీధిలో ఒక్కో ఇంటాయనా అమ్ముకుందామా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడు, వానకి కారుతున్నా స్లాబ్ కూడా బాగుచేయించడు. టవర్ రాక ముందే వీధి చచ్చేది అలాగే.

---

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

ఆ చివరి మాట చదివి ఒళ్ళు జలదరించింది. మా పక్కింటివాళ్ళు రెండేళ్ళుగా సున్నం వెయ్యలేదు, అడిగితే ఎలాగూ పోయేదే కదా అంటున్నారు.

ఇంకో డౌట్. స్థలం మా వెనక గోడకి చాలా దగ్గర. మూడు సెల్లార్లు తవ్వుతారట. మాది నలభై ఏళ్ళ నాటి ఇల్లు, బీటలొస్తే ఎవర్ని అడగాలి?

---

గుంటలోమనిషి రాసింది:

నమస్తే మేడం. పునాదుల పని చేస్తాను, గుంటలోనే బతుకు. ఇది అడిగినందుకు సంతోషం, చాలామంది బీట వచ్చాక అడుగుతారు.

మూడు సెల్లార్లంటే పది మీటర్లు సులువుగా దిగుతారు. నీటిమట్టం పైనుంటే రాత్రింబగళ్ళు మోటార్లు పెట్టి తోడతారు. గుంటలో నీళ్ళు తోడితే గుంట కింద ఒక్కటే ఎండదు, చుట్టూ మట్టిలో నీళ్ళు కూడా లాగేస్తుంది, నీళ్ళు పోయిన మట్టి సర్దుకుంటుంది, దాంతో పైన ఇల్లు ఒక మూల కుంగుతుంది. బంకమట్టి అయితే ఇది నెమ్మదిగా, పని అయిపోయిన కొన్ని నెలలకి కూడా బయటపడుతుంది, అప్పటికి కాంట్రాక్టర్ వేరే సైట్‌లో ఉంటాడు. నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ ముందే కాంక్రీట్ గోడ దింపి తవ్వడం మంచి పద్ధతి, ఖర్చెక్కువ. ఏ పద్ధతిలో తవ్వుతారు అని అడగండి చాలు, జవాబు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.

పని మొదలవకముందే మీ ఇంటికి కండిషన్ సర్వే చేయించమని రాతపూర్వకంగా అడగండి. ఇద్దరి సంతకాలతో, ప్రతి గోడ ఫోటో, ఉన్న బీటలన్నీ కొలిచి. వాళ్ళు చెయ్యకపోతే మీరే చెయ్యండి. బీట పక్కన స్కేల్ పెట్టి, ఆ రోజు పేపర్ పట్టుకుని ఫోటో. ఇంకో పాత చిట్కా, ఉన్న బీట మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క సిమెంట్‌తో రెండు చివర్లా అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పటుక్కున విరుగుతుంది. గాజు అబద్ధం చెప్పదు, సూపర్‌వైజర్ చెప్తాడు.

సున్నం సంగతి, సర్వే అయ్యేదాకా వేయించకండి. సున్నం వేస్తే పాత బీట ఏదో కొత్త బీట ఏదో ఆనవాలు పోతుంది. మీ పక్కింటివాళ్ళు తెలియకుండానే మంచి పని చేశారు.

---

ఇరవైమూడోఫ్లోర్ రాసింది:

అద్దాల సంగతి ఎవరూ అనలేదు. లండన్‌లోనే 2013 లో వాకీటాకీ అని పిలిచే బిల్డింగ్ వంపు అద్దం భూతద్దంలా పనిచేసి కింద పార్క్ చేసిన జాగ్వార్ కారు భాగాలు కరిగిపోయాయి. తర్వాత షేడ్‌లు బిగించారు. మీ టవర్ వంపుగా ఉంటే అది కూడా వేసుకోండి లిస్టులో. మీ అత్తగారి బట్టలు మాత్రం తొందరగా ఆరతాయి.

---

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

హహ. అత్తగారికి చదివి వినిపించా, ఒక గంట నీడ ఒక గంట భూతద్దం అయితే నాకేం అభ్యంతరం లేదు అన్నారు.

---

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చా. మీటింగ్ అయింది. గొణుగుడు గారూ, కుర్చీలు వేశారు, మైకు నిజంగానే పనిచెయ్యలేదు.

స్క్రీన్ మీద బొమ్మలు వేశారు, అన్నీ ఆకాశంలోంచి తీసినట్టు. రోడ్డు మీద నించున్న మనిషికి ఎలా కనపడుతుందో ఒక్క బొమ్మా లేదు. మెట్లు రెండున్నాయట, అది మాత్రం టక్కున చెప్పారు. సెల్లార్ తవ్వే పద్ధతి అడిగితే "ఇంటర్నేషనల్ స్టాండర్డ్స్" అన్నారు, గుంటలో గారు చెప్పినట్టే తీరు చూసి అర్థమైంది, కానీ సర్వేకి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. లిఫ్ట్ లెక్క కాగితం పంపిస్తామన్నారు, రాలేదింకా. నాలుగోది ఎక్కడ అన్నదానికి ఎవరూ ఏం చెప్పలేదు, ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివర్లో గాలి రిపోర్ట్ అడిగా. లావుపాటి ఫైలు, మూడు టవర్లకి మూడు చాప్టర్లు, ప్రతిదాని చివరా ఇబ్బంది లేదని రాసుంది. మూడూ కలిపి ఏ పేజీలో ఉంది సార్ అన్నా. ఆయన తిరగేశాడు. మళ్ళీ మొదట్నించి తిరగేశాడు. పక్కనున్న కుర్రాడు కూడా వంగి చూశాడు. హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. మొదటి టవర్ మోడల్ బొమ్మలో అయితే చుట్టూ మా పాత ఇళ్ళే ఉన్నాయి, ఆల్రెడీ లేచిన 21 అంతస్తులది కూడా లేదు. అది చూపించా. అప్పుడు డెవలప్‌మెంట్ వద్దంటారా అన్న మా మామగారే వెనక వరసలోంచి లేచి, "ఆ మూల దగ్గర నా భార్య గొడుగు తిరగబడింది, అది కూడా లేదా అందులో" అన్నారు. ఆ పెద్దావిడ మా అత్తగారేనని నాకు ఆ క్షణం దాకా తెలీదు. నేను దూరం నించి చూశాను, మొహం కనపళ్ళేదు, ఇంట్లో ఆవిడ చెప్పలేదు.

నాలుగూ కలిపి మళ్ళీ చేయించుకు రమ్మని వాయిదా వేశారు. బయటికొస్తుంటే కంపెనీ తరఫు ఆయన మీరు ఇంజనీరా మేడం అని అడిగాడు. కాదండి, బట్టలారేస్తాను అని చెప్పా.

---

గొణుగుడు రాసింది:

వాయిదా అంటే సంబరపడకండి సిస్టర్. నెక్స్ట్ మీటింగ్ పనిరోజు పొద్దున పెడతారు, ఎవరూ రాకుండా. చూస్తూ ఉండండి.

---

వాటర్‌ట్యాంక్‌వీధి రాసింది:

పెట్టారు. మంగళవారం, పదకొండు గంటలకి. సెలవు పెట్టేశా. మామగారు ఈసారి ముందు వరసలో కూర్చుంటారట.